మనం కాకతీయులమేనా?

కిందటి వేసవిలో మా కుటుంబమంతా శాక్రమెంటోలో ఒకచోట కలుసుకోవాలని అనుకున్నాం. ఫిజీలో పుట్టి పెరిగి, తర్వాత కాలిఫోర్నియా వచ్చినవాళ్ళు, ఇక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలు, మనవలు అందరూ కలిస్తే ఒక పెళ్ళికి వచ్చినంత మంది అవుతారు. పులిహోర ఎవరు చెయ్యాలి, పార్కు ఎవరు బుక్ చెయ్యాలి అని పనులు పంచుకుంటుండగా పెదనాన్న నాకు ఫోన్ చేశారు.

"ఒరే, బ్యానర్ మీద వంశవృక్షం వేయించే పని నీది. పైన ప్రతాపరుద్రుడి పేరు పెద్దక్షరాలతో పెట్టించు. మనం కాకతీయులమని పిల్లలకి తెలియాలి."

"సరే పెదనాన్నా" అన్నాను. ఆయన మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. కానీ ఫోన్ పెట్టేశాక భయం వేసింది. పైన ప్రతాపరుద్రుడు ఉంటాడు. కింద మా ముత్తాత ఉంటాడు. మధ్యలో ఎవరి పేర్లు రాయాలి?

ఆ ప్రశ్నతో మొదలైన వెతుకులాట గురించే ఈ వ్యాసం. మన పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి కథ ఒకటి ఉంటుందని నాకు తెలుసు. మీ కథలో కాకతీయులకు బదులు రెడ్డిరాజులో, విజయనగర రాయలో ఉండవచ్చు.

ముందు మా కాగితం

మా దగ్గర ఉన్న పాత కాగితం ఒక్కటే. అది మా ముత్తాత గిర్మిట్ పాసు. ఇంగ్లీషులో ఒప్పందాన్ని అగ్రిమెంట్ అంటారు. మనవాళ్ళ నోట్లో ఆ మాటే గిర్మిట్ అయింది. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేల మందిని ఈ ఒప్పందం మీద తీసుకెళ్ళారు. మద్రాసు రేవు నుంచి ఓడలు వెళ్ళడం 1903లో మొదలైంది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఆ ఓడల్లోనే వెళ్ళారు. ఫిజీ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

పాసులో ఏముంటుంది? మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, తాలూకా, ఊరు. అంతే. ఇంటిపేరు రాయడానికి గడి లేదు. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత వస్తుంది. డిపోలో గుమాస్తా సొంత పేరు ఒక్కటే రాసుకున్నాడు. అలా ఎన్నో ఇంటిపేర్లు ఓడ ఎక్కకముందే పోయాయి. మా ఇంటిపేరు కూడా అలాగే పోయింది.

మా ముత్తాత పాసులో విశాఖపట్నం జిల్లా, చీపురుపల్లి తాలూకా అని ఉంది. వయసు 20. తండ్రి పేరు ఉంది. ఎడమ మోకాలి మీద మచ్చ ఉందని రాశారు. రాజుల గురించి ఒక్క మాట కూడా లేదు. ఉండాలని నేను అనుకోలేదు కూడా. కానీ ఓరుగల్లు ఎక్కడ, చీపురుపల్లి ఎక్కడ?

కాకతీయుల వంశం మనకెలా తెలుసు?

మా వంశం సంగతి అలా ఉంచి, అసలు కాకతీయుల వంశవృక్షాన్ని చరిత్రకారులు ఎలా కట్టారో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. రెండు పుస్తకాలు నాకు బాగా సాయపడ్డాయి. ఒకటి పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు కాకతీయుల మీద రాసినది. రెండోది టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన సింథియా టాల్బట్ గారు 2001లో మధ్యయుగ ఆంధ్రదేశం మీద ప్రచురించినది. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో దొరుకుతాయి.

ఇద్దరికీ ముఖ్యమైన ఆధారం శాసనాలు. శాసనం అంటే రాతి మీదో, రాగిరేకు మీదో చెక్కించిన రాత. ఒక రాజు గుడికి భూమి ఇచ్చినా, ఒక రాణి చెరువు తవ్వించినా ఆ సంగతి శాసనంగా చెక్కించేవారు. ఇచ్చినవాళ్ళు ఎవరో తెలియాలి కాబట్టి తమ తాతముత్తాతల పేర్లు కూడా రాయించేవారు. ఆ పేర్ల వరుసను వంశావళి అంటారు.

కాకతీయుల గురించి పాత ఆధారం నందిగామ దగ్గరి మాగల్లు శాసనం. వేంగీ చాళుక్య రాజు దానార్ణవుడు 956లో వేయించిన రాగిరేకులు అవి. వాటిలో నాలుగు తరాలు ఉన్నాయి. గుండ్యన, ఆయన కొడుకు ఎరియ, ఆయన కొడుకు బేతియ, ఆయన కొడుకు కాకర్త్య గుండ్యన. అప్పటికి వీళ్ళు రాజులు కారు, ఇంకొకరి కింద పనిచేసే సేనానులు.

రెండో ఆధారం బయ్యారం చెరువు శాసనం. ఇది 13వ శతాబ్దం మొదటి భాగంలోది. వేయించింది గణపతిదేవుడి చెల్లెలు మైలమ. ఆమె చెరువు తవ్వించి, గట్టు మీద తన పుట్టింటి వంశమంతా రాయించింది. వెన్న అనే పూర్వుడితో మొదలుపెట్టి, ముగ్గురు గుండలు, ఎఱ్ఱ, పిండిగుండ, బేత, ప్రోల ఇలా తన అన్న గణపతిదేవుడి దాకా చెప్పింది. ఈ ఆడపడుచు ఆ రాయి వేయించకపోతే కాకతీయుల మొదటి తరాల పేర్లు మనకు చాలావరకు తెలిసేవి కావు.

ఇప్పుడు ఈ రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి చూడండి. మాగల్లులో ఎరియ తర్వాత బేతియ, ఆ తర్వాత గుండ్యన. బయ్యారంలో ఎఱ్ఱ తర్వాత వెంటనే పిండిగుండ. ఎరియ, ఎఱ్ఱ ఒక్కడేనని, కాకర్త్య గుండ్యనే పిండిగుండ అని పరబ్రహ్మశాస్త్రి గారు గుర్తించారు. అంటే మధ్యలో బేతియ జారిపోయాడు. అబద్ధం చెప్పాలని ఎవరూ చెప్పలేదు. రెండున్నర శతాబ్దాల తర్వాత గుర్తు చేసుకుంటున్నప్పుడు ఒక పేరు పోయింది.

ఇది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. చెరువు గట్టు మీద రాయించిన రాజుల ఇంట్లోనే ఒక తాత పేరు మరిచిపోయారు. చెరుకు తోటల్లో పొద్దస్తమానం పనిచేసిన మా ఇంట్లో మరిచిపోతే తప్పేముంది?

భార్యా, కూతురా?

పేరు పోవడం ఒక ఇబ్బంది. పేరు ఉండి కూడా బంధుత్వం తప్పుగా అర్థం కావడం ఇంకో ఇబ్బంది. దానికి మంచి ఉదాహరణ రుద్రమదేవి.

ఆమె శాసనాల్లో చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కనిపిస్తుంది. మార్కో పోలో అనే వెనిస్ వర్తకుడు మోటుపల్లి రేవు ఉన్న ఈ రాజ్యం గురించి రాస్తూ, భర్త పోయాక రాజ్యం ఏలుతున్న రాణి అన్నాడు. ఆ మాట నమ్మి, ఆమె గణపతిదేవుడి భార్య అని కొందరు చాలాకాలం రాశారు. ప్రతాపరుద్రుడి ఆస్థానంలోని విద్యానాథుడు మాత్రం గణపతిదేవుడు తన కూతురికి మగపేరు పెట్టి రాజ్యం ఇచ్చాడని రాశాడు. రెండింటినీ శాసనాలతో పోల్చి చూశాక రుద్రమ గణపతిదేవుడి కూతురే అని తేలింది.

ఆమె ఎప్పుడు చనిపోయిందో కూడా అలాగే తేలింది. 1295 దాకా ఏలిందని ముందు అనుకునేవారు. తర్వాత నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం దొరికింది. దాని తేదీ 1289 నవంబరు. అందులో రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయిన సంగతి ఉంది. ఒక్క రాయి దొరకగానే పుస్తకాల్లో ఆరేళ్ళు మారాయి.

రుద్రమకు కొడుకులు లేరు. ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. అమ్మమ్మ మనవణ్ణి పెంచుకుని రాజ్యం ఇచ్చింది. అంటే గణపతిదేవుడి నుంచి ప్రతాపరుద్రుడి దాకా వంశం వరుసగా ఇద్దరు ఆడవాళ్ళ ద్వారా నడిచింది. "తండ్రి పేరు" గడి ఒక్కటే ఉన్న కాగితం మీద ఈ వంశాన్ని రాస్తే గణపతిదేవుడి దగ్గరే ఆగిపోతుంది.

ఎక్కువ గొప్ప చెప్పుకున్నప్పుడు

కాకతీయులు తమ గురించి తాము ఒకేలా చెప్పుకోలేదు. కొన్ని శాసనాలు వాళ్ళను సూర్యవంశపు రాజులని, రాముడి వంశమని అంటాయి. కొన్ని నాలుగో వర్ణం వాళ్ళమని సూటిగా చెబుతాయి. ఎక్కువ శాసనాలు అసలు ఆ మాటే ఎత్తవు. ఒకే ఇంట్లో ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెప్పారు. మన పెళ్ళిళ్ళలో జరిగేదీ ఇదే కదా!

అయితే చరిత్రకారులు ఏం చేస్తారు? సూర్యుడి దాకా వెళ్ళే పై భాగాన్ని నమ్మకంగా చూస్తారు. ఆ నమ్మకానికి ఒక అర్థం ఉంది, ఆ రాజుకు అప్పుడు ఏ గౌరవం కావాలో అది చెబుతుంది. కానీ దాన్ని వంశవృక్షంలో కలపరు. వేరే ఆధారంతో సరిపోయే తరాలనే కలుపుతారు.

1323 తర్వాత

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లు కోటను పట్టుకున్నాయి. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకెళుతుండగా దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతుంది. అక్కడితో ఓరుగల్లులో కాకతీయుల పాలన అయిపోయింది.

కానీ కథ ఆగలేదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ అనే సంస్థానం ఉండేది. అక్కడి రాజులు తాము కాకతీయులమని చెప్పుకున్నారు. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు వదిలి అడవి దారిన బస్తర్ వచ్చాడని వాళ్ళ కథ. దంతేవాడ గుడి దగ్గర దిక్పాలదేవుడనే రాజు 1703లో వేయించిన శాసనంలో ఈ వంశావళి ఉంది. 2022 జూలైలో వరంగల్‌లో కాకతీయ ఉత్సవాలు జరిగినప్పుడు బస్తర్ రాజకుటుంబపు వారసుణ్ణి పిలిచి గౌరవించారు. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఇంటికి వచ్చారని జనం సంతోషించారు.

మరి ఆ వంశావళి నిజమేనా? చిన్న లెక్క వేద్దాం. 1323 నుంచి 1703కి 380 ఏళ్ళు. శాసనంలో ఉన్నవి సుమారు ఎనిమిది తరాలు. 380ని ఎనిమిదితో భాగిస్తే తరానికి 47 ఏళ్ళు పైనే వస్తుంది. మామూలుగా తరానికి 25 నుంచి 30 ఏళ్ళు వేసుకుంటాం. ఆ లెక్కన 13 నుంచి 15 తరాలు ఉండాలి. కాబట్టి చాలా పేర్లు పోయి ఉండాలి, లేదా మొదటి ముడి తర్వాతి కాలంలో వేసినది అయి ఉండాలి. టాల్బట్ గారు ఈ వంశావళికి చరిత్రగా పెద్ద విలువ ఇవ్వలేదు. కాకతీయుల పేరు చెప్పుకుంటే ఏలే హక్కు వస్తుందని ఆ రోజుల్లో చాలామంది అలా చెప్పుకున్నారు.

బస్తర్ వాళ్ళకు కనీసం ఒక శాసనం, ఎనిమిది పేర్లు ఉన్నాయి. మా ముత్తాత తండ్రి 1860 ప్రాంతంలో పుట్టి ఉంటాడని అనుకుందాం. 1323 నుంచి అక్కడికి 540 ఏళ్ళు. దాదాపు 20 తరాలు. మా దగ్గర ఉన్న పేర్లు సున్నా.

ఇంకో లెక్క కూడా వేశాను. ఒక్కొక్కరికీ ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు తాతామ్మలు, ఎనిమిది మంది ముత్తాతలు ముత్తమ్మలు. ఇలా 25 తరాలు వెనక్కి వెళితే 3 కోట్ల 35 లక్షల గళ్ళు అవుతాయి. ఒకే మనిషి ఎన్నో గళ్ళలో వస్తాడు కాబట్టి అంతమంది మనుషులు ఉండరు. అయినా ఆ గుంపులో ఒక రాజు ఉండవచ్చు. ఆయన బట్టలు ఉతికిన మనిషి, ఆయన చెరువు తవ్విన మనిషి, ఆయన ఏనుగును తోలిన మనిషి కూడా ఉంటారు. అందులోంచి ఒక్క రాజునే ఏరుకుని "ఇతనే మా పూర్వుడు" అంటే మిగతావాళ్ళు ఎవరు?

పెదనాన్నతో మాట

ఇవన్నీ రాసుకుని పెదనాన్న ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ టీ పెట్టింది. నేను చాలాసేపు నసిగి చివరికి చెప్పాను.

"పెదనాన్నా, ప్రతాపరుద్రుడికీ మనకీ మధ్య ఒక్క పేరు కూడా లేదు. పిల్లల ముందు ఆ బ్యానర్ పెట్టలేను."

ఆయన కప్పు కింద పెట్టారు. "అంటే మా నాయన అబద్ధం చెప్పాడంటావా?"

"అలా అనడం లేదు. తాత ఏమన్నాడో, ఎప్పుడన్నాడో మీకు గుర్తుందా? అదే అడుగుదామని వచ్చాను."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మే అంది, "అది నాటకం రోజుల మాట కదండీ."

అప్పుడు ఆయన మెల్లగా చెప్పారు. ఫిజీలో వాళ్ళ ఊళ్ళో చెరుకు కోతలు అయ్యాక తెలుగువాళ్ళు కలిసి నాటకాలు వేసేవారు. ఎవరి దగ్గరో ఒక పాత పుస్తకం ఉండేది. వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం. 1897లో వచ్చిన నాటకం అది. పుస్తకం పాడైపోతే నోటికి వచ్చినంత వేసేవారు. అందులో తాత వేషం వేసేవాడు. కిరీటం పెట్టుకుని వచ్చేవాడు. మర్నాడు చెరుకు తోటలో అందరూ "రాజుగారూ" అని పిలిచేవారు. పిల్లలకి అదే మిగిలింది.

"ఏ వేషం పెదనాన్నా? ప్రతాపరుద్రుడా?"

ఆయన నవ్వారు. ఆ రోజు మొదటిసారి నవ్వడం అదే. "కాదురా. పేరిగాడు."

ఆ నాటకం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పేరిగాడు చాకలి. రాజు పోలికలు ఉన్నాయి కాబట్టి, శత్రువులు రాజును ఎత్తుకుపోయినప్పుడు అతన్ని రాజు స్థానంలో కూర్చోబెడతారు. ఆ నాటకంలో జనానికి అందరికంటే ఇష్టమైన పాత్ర అతనే.

నేను జేబులోంచి ముత్తాత పాసు తీసి పెదనాన్న ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క గడి చదివారు. కులం అనే గడి దగ్గర ఆగారు. ఆ మాట ఆయనకు ముందే తెలుసు. మాకెప్పుడూ చెప్పలేదు. అక్కడ చాకలి అనే మాటనే గుమాస్తా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు.

"మీ తాత ఆ వేషం ఎంచుకున్నాడు" అన్నారు. "ఊళ్ళో అందరికీ తెలుసు. మేమే పిల్లలకి కిరీటం గురించి చెప్పి, మిగతాది దాచాం."

మీరు మొదలుపెట్టాలంటే

మీ ఇంట్లో వంశవృక్షం గీయాలంటే కింది నుంచి పైకి వెళ్ళండి. రాజు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగకండి. ముందు మీ పేరు, తర్వాత అమ్మానాన్నలు, తర్వాత తాతామ్మలు. ప్రతి పేరు పక్కన అది ఎలా తెలిసిందో రాయండి. "పాసులో ఉంది", "అత్త చెప్పింది", "పెళ్ళి కార్డులో ఉంది" అని రాస్తే చాలు. తెలియని చోట గడి ఖాళీగా వదలండి.

పాసు కోసం వెతికేటప్పుడు పేరు ఎన్ని రకాలుగా రాసి ఉంటారో ఆలోచించండి. మన నాయుడు దర్బన్‌లో నైడూ అయ్యాడు. తెలుగు పేరును తెలుగు రాని గుమాస్తా విని రాశాడని గుర్తుపెట్టుకుని, పైకి చదివి చూడండి. మారిషస్ వెళ్ళినవాళ్ళ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. 1860 నుంచి నాటాల్ వెళ్ళినవాళ్ళ ఓడ జాబితాలు దక్షిణాఫ్రికాలో ఉన్నాయి. వంశచరిత్ర వెతకడం ఎలాగో నేర్చుకోవాలంటే మనకు దగ్గరలో సాల్ట్ లేక్ సిటీలో పెద్ద గ్రంథాలయమే ఉంది. ఎవరైనా వెళ్ళవచ్చు.

ముత్తమ్మల పాసులు మరిచిపోవద్దు. ఆడవాళ్ళకు కూడా విడిగా పాసులు ఇచ్చారు. వాటిలో ఆమె తండ్రి పేరు, ఆమె పుట్టిన ఊరు ఉండవచ్చు. మా ముత్తమ్మ పాసు దొరికాకే మాకు ఇంకో ఊరు, ఇంకో ముత్తాత తండ్రి దొరికాడు. మైలమను తలుచుకున్నాను. పుట్టింటి పేర్లు దాచిపెట్టేది చాలాసార్లు ఆడపడుచులే.

అన్నిటికంటే ముందు, పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. "ఇది నిజమా?" అని అడిగితే వాళ్ళు నొచ్చుకుంటారు. "ఈ మాట మీకు ఎవరు చెప్పారు? అప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?" అని అడగండి. కథలు అక్కడి నుంచి మొదలవుతాయి.

ఆగస్టులో పార్కులో రెండు చెట్ల మధ్య బ్యానర్ కట్టాం. పైన ఇద్దరి పేర్లు పక్కపక్కన ఉన్నాయి, ముత్తాత, ముత్తమ్మ. వాళ్ళ పైన ఇద్దరు తండ్రుల పేర్లు, రెండు ఊళ్ళ పేర్లు. తల్లుల గళ్ళు రెండూ ఖాళీ. మా మేనకోడలు, తొమ్మిదేళ్ళది, ఆ ఖాళీ గళ్ళ మీద వేలు పెట్టి, "తాతా, ఇక్కడ ఎవరు?" అని తెలుగులో అడిగింది.

"తెలీదమ్మా" అన్నారు పెదనాన్న. "నువ్వు పెద్దయ్యాక వెతుకు." తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పేరిగాడి కథ మొదటి నుంచి చెప్పారు.